ముత్తాత తండ్రి పేరు పాత దస్తావేజులో దొరికింది: నా అనుభవం

మా పూర్వులది కనిగిరి ప్రాంతం. వంశవృక్షం ముత్తాత దగ్గర ఆగిపోయింది. ఆయన తండ్రి పేరు గాని, అన్నదమ్ములెవరన్నది గాని చెప్పగలవారు ఇంట్లో ఎవరూ మిగలలేదు. ఓటర్ల జాబితాలు, శుభలేఖలు, దూరపు బంధువుల జ్ఞాపకాలు, నెట్‌లో వెతుకులాట, ఏవీ అంత వెనక్కి వెళ్లలేదు.

ముందుగా ఆ ఊరు అప్పట్లో ఏ జిల్లా కిందిదో తేల్చుకున్నాను. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కనుక, అంతకు ముందరి కాగితాల్లో కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనే ఉంటాయి. తర్వాత సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుము కట్టి, పేర్ల వారీగా ఉండే ఒకటో సూచికలో ముత్తాత పేరు వెతికించి, దొరికిన భాగపరిష్కార (ఆస్తి పంపకాల) పత్రానికి నకలు తీసుకున్నాను. స్థిరాస్తి దస్తావేజుల నకలు ఎవరైనా అడగవచ్చు.

అందులో ఆయన తండ్రి పేరు ఉంది. అంతకంటె విలువైనవి హద్దులు: తూర్పున ఫలానా వారి మెట్ట, దక్షిణాన డొంక అని రాసిన చోట రెండు దిక్కుల మా ఇంటిపేరే కనిపించింది. అన్నదమ్ములు పంచుకున్న చేలు సాధారణంగా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, వీరు దాయాదులై ఉంటారనుకొని ఆ పేర్లతో మళ్లీ సూచిక చూపించగా, వారి పత్రాల్లోనూ అదే తండ్రి పేరు తేలింది. హద్దు ఒక్కటే చూసి చుట్టరికం నిర్ణయించకూడదు. ఒకే ఇంటిపేరుతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు మా వైపు ఉన్నాయి.

భూమి లేని కుటుంబాలకు ఈ దారి అంతగా పనికిరాదు. చేతిరాత సంపుటాలు కొన్నిచోట్ల శిథిలమై ఉండవచ్చు, నా విషయంలో అదృష్టం పాలూ ఉంది. సాక్షుల పేర్లు కూడా రాసి పెట్టుకోండి. మా పత్రంలో వేలిముద్ర వేసిన ఒక సాక్షి ముత్తవ్వ పుట్టింటివారని తర్వాత తెలిసింది.