పాత హీరో ఇంపల్స్ బైకు కొంటున్నారా? వానలు మొదలవ్వకముందే ఇవి చూసుకోండి

మే నెలాఖరుకి పాత ఇంపల్స్ ఒకటి అమ్మకానికి కనబడిందంటే మనసు ఇంట్లో నిలవదు, అప్పుడే మారేడుమిల్లి ఘాట్‌లో వానకి తడుస్తూ తిరుగుతుంటుంది. అడ్వాన్స్ కొట్టేముందు కాస్త ఆగండి. 2011లో హీరో ఈ బండి తెచ్చినప్పుడు పెట్టింది తమదే ఇంకో బైకు హంక్‌లో ఉండే 149 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజినే, కాబట్టి దాని గురించి మరీ టెన్షన్ అక్కర్లేదు, చిన్న ఊళ్లో మెకానిక్ కూడా విప్పి బిగించేస్తాడు. ఏడిపించేదల్లా ఈ బండికి మాత్రమే ఉన్న సామాను: ముందు ఫోర్కులు, 19 అంగుళాల ముందు చక్రం, ప్లాస్టిక్ ప్యానెళ్లు. మోడల్ ఆగిపోయి చాలా ఏళ్లయింది మరి.

నేను మొదటి బండి కొన్నప్పుడు ఇంజిన్ శబ్దం విని మురిసిపోయి డబ్బులిచ్చేశాను. ఇంటికి తెచ్చాక చూస్తే హ్యాండిల్ సరిగ్గా మధ్యలోకి రాగానే టక్కున ఆగుతోంది, హ్యాండిల్ తిరిగే బేరింగులు, అదే కోన్‌సెట్, అయిపోయింది. ఫోర్కు మీద రబ్బరు తొడుగు పైకి జరిపితే లోపలి రాడ్డు నిండా తుప్పు గుంటలు. పైన పటారం, లోన లొటారం. ఆ గుంటలుంటే ఆయిల్ సీళ్లు ఎన్నిసార్లు మార్చినా కోసుకుపోతాయి, కారిన ఆయిల్ డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు. అందుకే ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి, ఫోర్కుల్ని కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి, స్పోకుల్ని ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్‌తో తట్టండి. వదులైన స్పోకు శబ్దం మొద్దుగా వస్తుంది, వినగానే తెలిసిపోతుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించండి, ఓ గంట టీ తాగి రండి. నీలం పొగ వస్తే రింగులో వాల్వ్ సీళ్లో పోయినట్టు. లోపల గొలుసు కొట్టుకుంటున్నట్టు చప్పుడుంటే టైమింగ్ చైన్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

కాగితాల దగ్గర ఓ తికమక ఉంది. 2014 జూన్ 2కి ముందు రిజిస్టరయిన బండ్లు తెలంగాణలో ఇప్పటికీ ఏపీ నంబర్లతోనే తిరుగుతున్నాయి. ఏపీ 28 అని ఉన్నంత మాత్రాన అది ఆంధ్రా బండి కాదు, రంగారెడ్డి జిల్లాది. ఇప్పుడు ఏ రాష్ట్రం రికార్డుల్లో ఉందో చూసుకోండి, ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని పాత ఆర్టీఓ ఇచ్చే కాగితం, కావాలో వద్దో దాన్ని బట్టే. ఇంకోటి, సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, మొదట్లో వచ్చిన ఇంపల్స్‌లకి ఆ గడువు తీరడం 2026 చివర్నుంచే మొదలవుతుంది. రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చేయించే ఖర్చు, తిరుగుడు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి. పాత ఫైనాన్స్ ఆర్‌సీలో కొట్టేశారా, చలాన్లు మిగిలాయా అన్నది ఫోన్‌లోనే తెలుస్తుంది.

కొన్నాక తొలకరికి ముందు చేయాల్సిన పనిలో అందరూ వదిలేసేది ఇంజిన్ రెక్కల మధ్య బురద. గాలితోనే చల్లబడే ఇంజిన్ అది, రెక్కలు పూడుకుపోతే ఘాట్‌లో రెండో గేరులో ఎక్కేటప్పుడు ఉడికిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గోకండి, అంతేగానీ వేడిగా ఉన్నప్పుడు నీళ్ల ప్రెషర్ కొట్టించకండి. ఆయిల్ కచ్చితంగా బైకులదే పోయాలి, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండేది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కదా, అది తేమని లాగుతుంది, ఆ నీళ్లు కార్బొరేటర్ అడుగున చేరి బండి నడిరోడ్డులో ముక్కుతుంది. రెండు వారాలు తీయననుకుంటే పెట్రోలు ట్యాప్ కట్టేసి కార్బొరేటర్ ఖాళీ చేయండి. ఇంధనం పైపు పాతదైతే ఆలోచించకుండా మార్చేయండి, ఖరీదేం కాదు.

వాగు దాటాలంటే ముందు దిగి నడిచి చూడాలి. మోకాలు దాటి నీళ్లుంటే వెనక్కి తిరగండి, సిగ్గుపడాల్సిందేం లేదు. మధ్యలో బండి ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టకండి, సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఒడ్డుకి నెట్టి, ప్లగ్ విప్పి, అప్పుడు ఇంజిన్ తిప్పి నీళ్లు కక్కించండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనబడితే మార్చకుండా కదలొద్దు. ఆగకుండా దాటేసినా వెనక డ్రమ్ బ్రేకు తడిసి కాసేపు పట్టదు, మెల్లగా తొక్కి పట్టుకుని కొంత దూరం పోతే ఆరుతుంది. ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా ఆ రాత్రే చైన్ తుడిచి ఆయిల్ పెట్టి పడుకోండి, పొద్దున చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది.