స్వాతంత్ర్యం తర్వాతి రాజకీయ చరిత్ర: సీమ పాఠకులు చదవాల్సిన పద్ధతి

1947 తర్వాతి దేశ రాజకీయాల మీద సామాన్య పాఠకుల కోసం వచ్చే పుస్తకాలు చాలావరకు లావుగానే ఉంటాయి. ఎనిమిది వందల పేజీలనుకుంటే, రోజుకు ఇరవై చొప్పున నలభై రోజుల పని. చాలామంది సంస్థానాల విలీనం దాటి పంచవర్ష ప్రణాళికల దగ్గరికి రాగానే వదిలేస్తారు. కష్టమై కాదు, పేర్లూ తేదీలూ కలగాపులగమై.

కొనేముందు వెనక పేజీలు తిప్పండి. పాదసూచికలు, అకారాది సూచిక లేని పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి. మొదటి ముద్రణ ఏ ఏడాదో చూడండి. పాతికేళ్ల కిందటి పుస్తకం ఆఖరి అధ్యాయాలు అప్పటి దినపత్రికల మీద ఆధారపడినవే. కేంద్ర ప్రభుత్వ ఫైళ్లు జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) చేరడానికి ఇరవై ఐదేళ్లు పడుతుంది మరి. అందుకే నెహ్రూ కాలం అధ్యాయాలకు ఉత్తరాలు, ఫైళ్లు ఆధారమైతే, చివరి వంద పేజీలకు పత్రికలూ ఇంటర్వ్యూలే దిక్కు. రెంటినీ ఒకే నమ్మకంతో చదవకూడదు.

ఇక రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు తీసుకుని, ప్రతి పేజీని నిలువుగా మూడు గడులు చేయండి: ఢిల్లీ, రాష్ట్ర రాజధాని, మన జిల్లా. రెండో గడిలో ఊరు మారుతూ ఉంటుంది. 1953 సెప్టెంబర్ 30 దాకా మద్రాసు, ఆ మర్నాటి నుంచి 1956 అక్టోబర్ 31 దాకా కర్నూలు, ఆపైన రాష్ట్రం విడిపోయేదాకా హైదరాబాదు. పుస్తకంలో తేదీ కనబడినప్పుడల్లా ఒక్క లైను రాయండి. అభిప్రాయాలు ఇందులో రాయొద్దు, వాటికి చివరి పది పేజీలు వదిలిపెట్టండి.

ఈ శ్రమ ఎందుకో 1969 దగ్గర తెలుస్తుంది. బ్యాంకుల జాతీయీకరణను ఆర్థిక విధానాల అధ్యాయంలో, రాష్ట్రపతి ఎన్నికను కాంగ్రెస్ చీలిక అధ్యాయంలో పెట్టే పుస్తకాలు చాలా. మీ గడుల్లో అవి వరసగా వస్తాయి: మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణం, జులైలో బెంగళూరు సమావేశాల్లో కాంగ్రెస్ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి పేరు ఖరారు, జులై 16న మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ తీసేయడం, 19న 14 బ్యాంకుల జాతీయీకరణ, ఆగస్టు 16న పోలింగు, 20న ఇందిర మద్దతుతో నిలబడ్డ వి.వి. గిరి గెలుపు, నవంబర్ 12న కాంగ్రెస్ నుంచి ఇందిరాగాంధీ బహిష్కరణ. మే నుంచి నవంబర్ దాకా నడిచింది ఒకటే తగవు. మూడో గడిలో అనంతపురం జిల్లా ఇల్లూరు వస్తుంది, అది సంజీవరెడ్డి పుట్టిన ఊరు. గిరి మొదటి లెక్కింపులో గట్టెక్కలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాకే గెలిచారు. ఈ మాట లేకుండా ఇందిర ప్రభంజనం అని రాసిన పుస్తకం మిగతా చోట్ల కూడా అంకెలను తేలిగ్గా తీసుకుని ఉంటుంది.

భాషా రాష్ట్రాల అధ్యాయానికి పక్కన ఇంకో కాగితం పెట్టుకోవాలి. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు మరణం, 19న నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం: ఇంతవరకు అన్ని పుస్తకాల్లో ఉంటుంది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు ఎందుకు వెళ్లాయన్నది మాత్రం చాలాచోట్ల ఉండదు. దానికి 1937 నవంబర్ 16న కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక చదవాలి. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమ ఎంచుకోవచ్చని, కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ముందు చోటివ్వాలని అందులో ఉంది. అది చదివాక నాగార్జునసాగర్ మీద పుస్తకం రాసిన రెండు పేజీలు వేరుగా కనిపిస్తాయి.

ఎన్నికల ఫలితాలకు సీట్లు ఒక్కటే రాసుకుంటే మోసపోతారు, పక్కనే ఓట్ల శాతం వేయండి. 1952 లోక్‌సభలో కాంగ్రెస్‌కు 45 శాతం ఓట్లతో 489లో 364 స్థానాలు. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లొచ్చినా 196లో దక్కినవి 15.

"దేశం", "ప్రజలు" అనే మాటలు కనబడితే పెన్సిల్‌తో గీత పెట్టి, రాష్ట్రం అంకెతో పోల్చండి. 1977లో దేశం కాంగ్రెస్‌ను ఓడించింది అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 కాంగ్రెస్‌వే; మిగిలిన ఒక్కటీ నంద్యాల, జనతా తరఫున సంజీవరెడ్డిది. 1984లో దేశం రాజీవ్‌గాంధీకి నాలుగు వందలకు పైగా స్థానాలిచ్చింది అంటారు. ఇక్కడ కాంగ్రెస్‌కు 6, తెలుగుదేశానికి 30. రెండుసార్లూ మనం ఎదురు నడిచాం. ఎమర్జెన్సీని జనం శిక్షించారు అని చదివినప్పుడు ఏ జనం అని అడగకపోతే ఆ అధ్యాయం సగమే చదివినట్టు.

మన నియోజకవర్గం అంకెలు వెతికేటప్పుడు కొన్ని తికమకలు తప్పవు. ఎన్నికల సంఘం గణాంక నివేదికలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1952కు మద్రాసు రాష్ట్రం తెరవాలి, 1955కు ఆంధ్ర. 1957 శాసనసభ ఫలితాల్లో కడప, కర్నూలు, అనంతపురం కనబడవు. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలు తెలంగాణకే జరిగాయి, మనవాళ్లు 1955లో గెలిచినవారే 1962 దాకా కొనసాగారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లాకు వెళ్లేదాకా కర్నూలువే. 2022 నాటి కొత్త జిల్లాల పటం పట్టుకుని పాత పట్టికలు చూస్తే ఏదీ కలవదు. ఇంగ్లీషు పుస్తకం సూచికలో కడప "కె" కింద లేకపోతే "సి" కింద వెతకండి, పాత స్పెల్లింగు అదే. మద్రాసు కాలం సంగతులకు "సీడెడ్ జిల్లాలు" అన్న పేరు కూడా చూడాలి, సీమను అప్పట్లో అలా పిలిచేవారు.

పుస్తకంలో లేనిదాన్ని జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో, కడపలోనైతే బ్రౌన్ గ్రంథాలయంలోనో అడగండి. "పాత పేపర్లు కావాలి" అంటే పని కాదు. మూడు గడుల్లోంచి తేదీ తీసి చెప్పండి. ఉదాహరణకు 1991 సంస్కరణల అధ్యాయం పూర్తయ్యాక, ఆ ఏడాది నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నిక వార్తలు. జూన్‌లో ప్రధానిగా ప్రమాణం చేసిన పి.వి. నరసింహారావు అప్పటికి ఏ సభలోనూ సభ్యుడు కారు, ఆరు నెలల్లో ఎన్నిక కాకపోతే పదవి పోతుంది. ఆయన మీద తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. ఢిల్లీ గడి నింపే పుస్తకాల్లో ఇది ఒక వాక్యం ఉంటే ఎక్కువ.