డాల్ఫిన్‌ను గమనిద్దాం – 3వ పాఠం: ఈలను గీతగా గీయడం

పిల్లలూ, పోయిన పాఠంలో వీడియో చూస్తూ డాల్ఫిన్ ఎన్ని సెకన్లకోసారి ఊపిరి కోసం పైకి వస్తోందో లెక్కపెట్టాం. ఈసారి ఆ ఊపిరితోనే అది ఎలా మాట్లాడుతుందో చూద్దాం.

డాల్ఫిన్‌కి మొప్పలు ఉండవు. తల మీదున్న రంధ్రమే దాని ముక్కు. నీళ్లలో ఉన్నంతసేపూ అది బిగుసుకుని ఉంటుంది. పైకి రాగానే ఫుస్సుమని పాత గాలి వదిలి, కొత్త గాలి పీల్చి, చటుక్కున మూసుకుంటుంది.

మరి ముక్కు మూసుకుని, నోరు తెరవకుండా ఈల ఎలా వేస్తుంది? ఆ రంధ్రం కిందే, లోపల, పెదవుల్లాంటి మడతలు ఉంటాయి. గాలి వాటి మధ్య నుంచి దూరితే అవి అదిరి శబ్దం పుడుతుంది. ఊదిన బెలూన్ మూతిని రెండు పక్కలా లాగితే కీచుమంటుందే, అలాగన్నమాట. కాకపోతే బెలూన్ గాలి బయటికి పోతుంది. డాల్ఫిన్ ఆ గాలిని లోపలి సంచుల్లో పట్టుకుని మళ్లీ వాడుకుంటుంది. ఎంత పొదుపో చూడండి!

బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఒక్కొక్కదానికీ తనదైన ఈల ఉంటుంది. మనకు పేరు ఎలాగో, దానికి ఈల అలాగ. 2013లో స్కాట్లాండ్ శాస్త్రవేత్తలు సముద్రంలోని డాల్ఫిన్లకు వాటి ఈలలనే నకలు చేసి వినిపిస్తే, అవి జవాబుగా ఈల వేశాయి. అమెరికాలోని సరసోటా తీరంలో 1970 నుంచి డాల్ఫిన్లను గమనిస్తున్నారు. పిల్ల పక్కనున్నప్పుడు అక్కడి తల్లులు తమ ఈల స్వరాన్ని ఇంకాస్త సన్నం చేస్తాయని 2023లో తేలింది. మన అమ్మలు పసిపాపలతో గొంతు సన్నం చేసి మాట్లాడరూ! నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

ఇక పని మొదలుపెడదాం. కాగితం అడ్డంగా పెట్టుకోండి. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్వరం. ఈల వేయండి, రాకపోతే 'ఊ' అనండి. స్వరం సన్నబడుతుంటే పెన్సిల్ పైకి, బొంగురవుతుంటే కిందికి పోవాలి. ఆపకుండా ఒకే గీత.

ఇక్కడ చాలామంది పొరబడతారు: గట్టిగా ఊదితే గీత పైకి పోవాలనుకుంటారు. అలా కాదు. ఒకే స్వరాన్ని ముందు మెల్లగా, తర్వాత గట్టిగా అని చూడండి. రెండుసార్లూ గీత అదే ఎత్తులో తిన్నగా ఉండాలి. ఇది చేతికి వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

వచ్చాక, మీకంటూ ఒక ఈల కట్టుకోండి. ఉదాహరణకు, రెండుసార్లు ఎక్కి ఒకసారి దిగేది. దాన్ని గీసి, వినిపించకుండా మీ చెల్లికో తమ్ముడికో స్నేహితుడికో ఇవ్వండి. గీత చూసి వాళ్లు మీ ఈల వేయగలిగితే మీరు సరిగ్గా గీసినట్టే. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో గీత మీద గుర్తుపెట్టి, ఆ చోటు మాత్రం మళ్లీ గీయండి.

వచ్చే పాఠం 'టిక్ టిక్' శబ్దాలతో డాల్ఫిన్ చేపను వెతికే పద్ధతి గురించి. దానికి ఒక బంతి, కళ్లకు కట్టుకోవడానికి ఒక రుమాలు సిద్ధం చేసుకోండి.