ఏళ్ల విరామం తర్వాత మళ్లీ అక్వేరియం: ముందు నీళ్లు, తర్వాతే చేపలు

పదేళ్లో పదిహేనేళ్లో విరామం తర్వాత మళ్లీ ఇంట్లో మంచినీటి అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారికి దుకాణంలో అడుగుపెట్టగానే అప్పట్లో లేని వస్తువులెన్నో కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి, గులకరాళ్ల కింద పరిచే ప్లాస్టిక్ పలకల బదులు, ట్యాంకు బయట డబ్బాలా ఉండే క్యానిస్టర్ ఫిల్టర్లు వచ్చాయి, ప్లాస్టిక్ మొక్కల పక్కనే నిజమైన నీటి మొక్కలు దొరుకుతున్నాయి. వీటన్నిటికంటే ముఖ్యమైన మార్పు ట్యాంకును సిద్ధం చేసే పద్ధతిలో వచ్చింది. ఉదయం ట్యాంకు తెచ్చి, మధ్యాహ్నం నీళ్లు నింపి, సాయంత్రం చేపలను వదిలే అలవాటును పూర్తిగా మానుకోవాలి. ట్యాంకు నిలబెట్టిన నాటి నుంచి మొదటి చేపను వదిలే నాటికి నెల నుంచి నెలన్నర గడుస్తుందని ముందే మనసులో అనుకుంటే మిగతా పనులన్నీ సులభమవుతాయి.

డబ్బు ఖర్చు పెట్టడానికి ముందు మీ ఇంటి నీళ్లేమిటో తెలుసుకోండి. హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు జవాబు వీధికొక రకంగా ఉంటుంది. జలమండలి కృష్ణా, గోదావరి, మంజీరా, సింగూరు నీటినీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల నీటినీ శుద్ధి చేసి సరఫరా చేస్తుంది. ఊళ్లో చాలామంది ఆ నీటినంతటినీ మంజీరా నీళ్లనే అంటారు. ఇది నదీజలం కనుక బోరు నీటితో పోలిస్తే కాఠిన్యం సాధారణంగా తక్కువగా ఉంటుంది. రాతి పొరల్లోంచి పైకి వచ్చే బోరు నీరు కఠినంగా ఉంటుంది; గీజర్ కాయిల్‌కూ, బాత్రూం కుళాయిలకూ తెల్లగా పేరుకునే పొరే అందుకు సాక్ష్యం. అపార్ట్‌మెంట్లలోనైతే మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు అన్నీ ఒకే సంపులో కలిసిపోతాయి. అందువల్ల జనవరిలో పరీక్షించిన నీరు మే నెలలో అలాగే ఉంటుందని భరోసా పెట్టుకోకూడదు. ఆర్‌వో యంత్రం ఉన్న ఇళ్లలో టీడీఎస్ మీటరు కూడా ఉంటుంది కానీ, అది కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపుతుంది. కాఠిన్యాన్నీ, నీటి ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే పీహెచ్‌నూ, ఆ పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ కాఠిన్యాన్నీ విడిగా పరీక్షించాలి. పూర్తిగా ఆర్‌వో నీళ్లతోనే ట్యాంకు నింపడం మంచిది కాదు; ఆ నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కనుక పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. బోరు నీరు మరీ కఠినంగా ఉంటే అందులో కొంత ఆర్‌వో నీరు కలిపి వాడవచ్చు.

జలమండలి నీటిలో క్లోరిన్ ఉంటుంది. వినియోగదారుడికి చేరే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. మనకు అది రక్షణే కానీ, చేపల మొప్పలకూ ఫిల్టర్‌లో పెరిగే బాక్టీరియాకూ హాని చేస్తుంది. బక్కెట్టులో ఒక రోజంతా గాలి కొట్టిస్తూ ఉంచితే క్లోరిన్ పోతుంది. అంత సమయం లేకపోతే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ వాడవచ్చు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి: మేడ మీది నీళ్ల ట్యాంకును బ్లీచింగ్ పౌడర్‌తో కడిగిన రోజున అక్వేరియం నీళ్లు మార్చవద్దు. ఆ పని ఎప్పుడు చేస్తారో వాచ్‌మన్‌ను ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

ఇక ట్యాంకు విషయం. స్థలం ఉంటే 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు తీసుకోమని చెబుతాను. చిన్న ట్యాంకు సులభమనే అభిప్రాయం చాలామందికి ఉంటుంది కానీ, నీరు ఎంత తక్కువైతే అందులో మార్పులు అంత వేగంగా వస్తాయి. పైన చెప్పిన కొలతలకు సుమారు 190 లీటర్లు పడతాయి. గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు కూడా కలిపితే బరువు 230 కిలోలు దాటుతుంది. కాబట్టి దాన్ని గది మధ్యలో కాక గోడ పక్కన, వీలైతే దూలం వెళ్లే వైపున, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. గాజు మందం 8 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. ఇనుప స్టాండుకూ ట్యాంకుకూ మధ్య థర్మోకోల్ షీటు పరిస్తే చిన్నపాటి ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి.

అటక మీద పాత ట్యాంకు ఉంటే దాన్ని వెంటనే నింపకండి. మూలల్లో సిలికాన్‌ను గోటితో నొక్కి చూడండి. అది రబ్బరులా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తే మంచిదే. గట్టిపడి, అంచుల్లో పొట్టులా లేస్తుంటే అతుకు పాడైనట్టే. అటువంటప్పుడు పాత సిలికాన్‌ను బ్లేడుతో పూర్తిగా గీకి తీసి, బూజు నిరోధక మందు కలపని సిలికాన్‌తో మళ్లీ అతికించాలి. పాత పొర మీద కొత్త పొర అంటుకోదు. వెనిగర్ వంటి వాసన పూర్తిగా పోయేదాకా ఆరనిచ్చి, బాల్కనీలో రెండు రోజులు నీళ్లు నింపి ఉంచి, కింద తడి కనిపించకపోతేనే లోపలికి తేవాలి.

అడుగున పరచడానికి రంగు రాళ్లు అక్కర్లేదు. జల్లించిన నది ఇసుకను నీరు తేటగా వచ్చేదాకా కడిగి వాడుకోవచ్చు. కొద్దిగా ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. తెల్లటి పాలరాతి ముక్కలకూ ఇదే ఇబ్బంది ఉంది. మన ఊరి చుట్టూ ఉన్న గ్రానైటు రాయి మాత్రం నీటిలో కరగదు కనుక, దాని ముక్కలను బాగా రుద్ది కడిగి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మొక్కల్లో జావా ఫెర్న్, అనుబియాస్, వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. మొదటి రెండింటి దుంపను ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. వాటిని దారంతో రాయికి కట్టాలి. లైటును రోజుకు 6 నుంచి 8 గంటలు వెలిగిస్తే చాలు, అంతకు మించితే నాచు పట్టుతుంది.

ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు కరెంటు కోతలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. క్యానిస్టర్ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది కానీ, దానితో పాటు ఎయిర్ పంపుతో నడిచే ఒక స్పాంజి ఫిల్టర్ కూడా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. చిన్న ఎయిర్ పంపు కొద్ది వాట్ల కరెంటే తీసుకుంటుంది కనుక ఇన్వర్టర్ మీద గంటల తరబడి నడుస్తుంది. పంపును నీటిమట్టానికి పైన ఉంచాలి, లేదా గొట్టంలో నీరు వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ పెట్టాలి. ప్రతి కరెంటు వైరూ ప్లగ్గు కంటే కిందికి వంగి, మళ్లీ పైకి వెళ్లేలా చూడండి; అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలిపోతుంది.

ఇప్పుడు అసలు పని, అంటే ఫిల్టర్‌లో బాక్టీరియాను పెంచడం. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది చాలా తక్కువ హానికరం, నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. పాత పుస్తకాలు ఈ రెండో పనిని నైట్రోబాక్టర్ చేస్తుందని రాశాయి. మంచినీటి అక్వేరియంలలో అది ప్రధానంగా నైట్రోస్పైరా పని అని 1998లో ప్రచురితమైన పరిశోధన చూపింది. నైట్రోస్పైరాలో కొన్ని రకాలు రెండు దశలనూ ఒంటరిగానే పూర్తి చేయగలవని 2015లో తేలింది. పేర్లు ఏవైనా, ఈ జీవులు నెమ్మదిగా పెరుగుతాయి, ఫిల్టర్ స్పాంజికీ ఇసుకకూ అంటిపెట్టుకుని ఉంటాయి, వాటికి ఆహారంగా అమ్మోనియా కావాలి. ఒకప్పుడు ఆ ఆహారాన్ని అందించడానికి నాలుగు చవక చేపలను వదిలి, వాటి ప్రాణాలను పణంగా పెట్టేవారు. ఇప్పుడు ఆ క్రూరత్వం అవసరం లేదు.

కళాయి పోసేవారు వాడే నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్, ఈ పనికి చక్కగా సరిపోతుంది. అయితే శుద్ధమైనది ల్యాబ్ రసాయనాలు అమ్మే దుకాణంలో కొనండి. 190 లీటర్ల ట్యాంకులో ఇసుక, రాళ్లు పోగా ఉండే సుమారు 150 లీటర్ల నీటికి 1 గ్రాము వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది. ఫిల్టర్లు రాత్రింబవళ్లు నడుస్తూ ఉండాలి. రెండు మూడు రోజులకొకసారి చుక్కల మందుతో పరీక్ష చేయండి. సాధారణంగా దొరికే కిట్లలో అమ్మోనియా ఉంటే గొట్టంలో నీరు ఆకుపచ్చగా, లేకపోతే పసుపుగా కనిపిస్తుంది. మొదటి వారం ఆకుపచ్చ కదలదు. తర్వాత అది మెల్లగా పసుపు వైపు వాలుతుంటే, అప్పటిదాకా లేత నీలంగా ఉన్న నైట్రైట్ పరీక్ష ఊదా రంగుకు తిరుగుతుంది. ఈ ఊదా రంగు వారాల తరబడి అలాగే ఉండిపోవచ్చు. చాలామంది ఓపిక నశించి చేపలు తెచ్చేది ఈ దశలోనే, చేపలు చనిపోయేదీ ఈ దశలోనే. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా అదే మోతాదులో సగం వేస్తూ వేచి ఉండండి. పూర్తి మోతాదు వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగితే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు ముప్పావు వంతు నీళ్లు మార్చి, పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించి, ఒకటి రెండు రోజుల్లో చేపలు తేవాలి. లేకపోతే బాక్టీరియాకు ఆహారం అందదు.

ఏ చేపలన్న ప్రశ్నకు మీ నీరే సగం జవాబు చెబుతుంది. బోరు నీళ్లయితే గప్పీలు, మోలీలు, ప్లాటీలు, స్వోర్డ్‌టెయిళ్లు హాయిగా బతుకుతాయి. మంజీరా నీళ్లయితే జీబ్రా డానియోలు, రోజీ బార్బ్‌లు బాగుంటాయి. ఇవి రెండూ మన దేశపు చేపలే, గట్టి ప్రాణాలు, ఆరేడు కలిసి తిరిగితేనే వాటి అందం తెలుస్తుంది. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీరు, చాలా చోటు కావాలి. దాన్ని గాజు గిన్నెలో ఉంచడం నేను ఎంతమాత్రం ఒప్పుకోను. నాచు తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక దాన్ని చెరువులో వదిలేవారి వల్లే మన చెరువుల్లో అది స్థానిక చేపలకు ముప్పుగా మారింది. ఏ అక్వేరియం చేపనైనా, మొక్కనైనా చెరువులో వేయకూడదు. పెంచలేకపోతే దుకాణానికే తిరిగి ఇవ్వండి.

చెన్నైలోని కొళత్తూరు వంటి పెంపకం కేంద్రాల నుంచి దూరం ప్రయాణించి వచ్చిన చేప అలసి ఉంటుంది. దుకాణానికి వచ్చిన రోజే దాన్ని కొనకుండా, వారం తర్వాత కూడా చురుకుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇంటికి తెచ్చాక కవరును పావుగంట నీటి మీద తేలనిచ్చి, అరగంటపాటు కొద్దికొద్దిగా ట్యాంకు నీరు కలిపి, చేపను వలతో తీసి వదలాలి. కవరులోని నీటిని ట్యాంకులో పోయకూడదు. మొదట ఆరు చిన్న చేపలు చాలు. రెండు మూడు వారాలు పరీక్షల్లో సున్నాలు నిలిస్తే మరికొన్ని తేవచ్చు.

ఆ తర్వాత వారానికి పావు వంతు నీళ్లు మార్చడమే ప్రధానమైన పని. ట్యాంకంతా ఖాళీ చేసి, ఇసుకనూ స్పాంజినీ కుళాయి కింద తోమే పాత పద్ధతి నెలన్నర కష్టాన్ని ఒక్క పూటలో పోగొడుతుంది. స్పాంజి నిండిపోతే, ట్యాంకు నుంచి తీసిన నీళ్లున్న బక్కెట్టులోనే నాలుగుసార్లు పిండండి. గోధుమ రంగు మడ్డి దిగిపోతుంది, బాక్టీరియా స్పాంజిలోనే ఉంటుంది. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి.

హైదరాబాద్‌లో అక్వేరియానికి అసలు పరీక్ష రోహిణి కార్తె. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియా విషగుణం పెరుగుతుంది. తెల్లవారుజామున చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలడం లేదని అర్థం. మూత తీసి, చేపలు దూకకుండా వల పరిచి, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఫ్యాను వల్ల నీరు ఆవిరై తగ్గినప్పుడు లవణాలు ట్యాంకులోనే మిగిలిపోతాయి కాబట్టి, ఆ లోటును బోరు నీళ్లతో కాక ఆర్‌వో నీళ్లతో భర్తీ చేయాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇంతటి ట్యాంకుకు 150 వాట్ల హీటరు సరిపోతుంది.

రెండో ట్యాంకు కావాలనిపిస్తే, మొదటిది మూడు నెలలు నిలకడగా నడిచాక పెట్టుకోండి. అప్పుడు నెలన్నర వేచి ఉండనక్కర్లేదు. కొత్త ట్యాంకులో వాడబోయే స్పాంజి ఫిల్టర్‌ను పాత ట్యాంకులోనే నెల రోజులు నడిపి, తడి ఆరకుండా కొత్తదానిలోకి మార్చి, అదే రోజు కొన్ని చేపలను వదిలి, మొదటి వారం రోజూ పరీక్ష చేయండి. ఆ రెండోది చిన్నదైనా పరవాలేదు; ఇకమీదట కొనే ప్రతి కొత్త చేపనూ ముందు మూడు వారాలు అందులో ఉంచి, తెల్లమచ్చలేవీ రాలేదని తేలాకే పెద్ద ట్యాంకులోకి మార్చవచ్చు.