ఫోన్లో ఇంగ్లీష్ అంటే టెన్షన్ ఎలా తగ్గిందంటే

డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఈమెయిల్ రాయమంటే ఎలాగో రాసేస్తాను గానీ, ఆఫీసుకు బెంగళూరు కస్టమర్ ఫోన్ చేస్తే నోరు పెగిలేది కాదు. పదాలు తెలిసినా, వాటితో వాక్యం కట్టేలోపు అవతలివాళ్లు "హలో, హలో" అనేవాళ్లు.

అందుకని విడి పదాల జాబితాలు పక్కన పెట్టి, రోజూ అవసరపడే వాక్యాలనే పట్టుకున్నాను. "లెట్ మీ చెక్ అండ్ కాల్ యూ బ్యాక్", "కుడ్ యూ రిపీట్ దట్, ప్లీజ్?" లాంటివి. ఆంకీ అనే, కార్డులతో గుర్తుపెట్టుకునే యాప్‌లో కార్డుకు ఒకవైపు సందర్భం తెలుగులో రాశాను: "కస్టమర్ చెప్పింది సరిగ్గా వినపడలేదు". రెండోవైపు ఇంగ్లీష్ వాక్యం. గుర్తున్న కార్డును యాప్ రోజుల ఎడం పెంచుకుంటూ చూపిస్తుంది, మరిచిపోయినదాన్ని వెంటనే మళ్లీ ముందుకు తెస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనాలి.

వినడానికి బీబీసీ వాళ్ల '6 మినిట్ ఇంగ్లీష్' అనే ఆడియో కార్యక్రమం పెట్టుకున్నాను. మన కస్టమర్లు అలా మాట్లాడరనుకోండి! అయినా ఆపి, ఆపి, వాళ్లలాగే పైకి అనడం వల్ల నోరు తిరిగింది. మనసులో చదివితే లాభం లేదు. బస్సులో సిగ్గు, కాబట్టి మేడ మీదే.

రేటు తగ్గించమని గట్టిగా బేరమాడేవాళ్లతో ఇంకా తడబడుతున్నాను. ఆ సందర్భాలకీ కార్డులు రాస్తున్నాను.