పాత హార్మోనియం కొన్నారా? ముందు గాలి సంగతి చూడండి

హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో వాడకం తగ్గి మూలన పడ్డ భజన హార్మోనియం పెట్టెలు అప్పుడప్పుడు చవకగా దొరుకుతాయి. కొన్నాక చాలామంది చేసే పని, శ్రుతి తేడాగా ఉందని నేరుగా రీడ్లకు, అంటే గాలికి కంపించి స్వరం పలికే ఇత్తడి నాలుకలకు, ఆకురాయి పెట్టడం. ఆ పని ఆఖరున చేయాలి, అరగదీసిన ఇత్తడి మళ్లీ రాదు కదా.

ముందు స్టాపర్లన్నీ (గాలిదారులు తెరిచి మూసే పిడులు) మూసి బెల్లోస్ (గాలి కొట్టే మడతల తిత్తి) గట్టిపడే దాకా కొట్టండి. కాసేపాగి మళ్లీ కొడితే గట్టిగానే ఉండాలి, వదులుగా ఆడుతుంటే లీకేజీ ఉన్నట్టే. ఫ్యాన్ ఆపి, అగరబత్తి పొగను మడతల పక్కన తిప్పుతూ బెల్లోస్ నొక్కండి, పొగ ఎక్కడ చెదిరితే అక్కడ చిల్లు. ఎక్కువగా మూలల్లోనే చిట్లుతుంది, ఎలుక కొరికిన పెట్టె అయితే ఇక చెప్పక్కర్లేదు. పలుచటి మెత్తని తోలు ముక్క ఫెవికాల్‌తో అతికించి, మడత సగం తెరిచి ఒక రోజు ఆరనివ్వండి. ఎం-సీల్ మాత్రం వద్దు, గట్టిపడి మడతే పడదు.

ఒక మెట్టు (వేలితో నొక్కే కీ) పలకడం లేదా? స్క్రూలు విప్పి కీబోర్డు పలక పైకి లేపితే అడుగున రీడ్లు వరసగా కనబడతాయి. ఆ రీడ్ నాలుక కింద సన్నటి కాగితం పీలిక దూర్చి కొసవైపు లాగండి. గుళ్లో వాడిన పెట్టెల్లో విభూతి, అగరబత్తి బూడిద, ఒక్కోసారి అక్షింతల గింజ కూడా బయటపడుతుంది. నొక్కకుండానే మోగుతుంటే మెట్టు కింది తోలు సరిగా కూర్చోవడం లేదు, లేదా స్ప్రింగ్ జారింది. వానాకాలంలో మెట్లు పట్టేస్తే చెక్క ఉబ్బిందని అర్థం, గీకకండి, చలికాలం వచ్చాక దానంతటదే వదులవుతుంది, అప్పటికి గీకేసి ఉంటే లొడలొడలాడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా శ్రుతి కలవకపోతేనే ఆకురాయి. దుమ్ము బరువుకే శ్రుతి దిగుతుంది కాబట్టి ముందు తుడవండి. నాలుక కింద పలుచటి బ్లేడు ఆనించి, కొస దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, రివెట్ (నాలుకను పలకకు బిగించిన మేకు) దగ్గర గీస్తే తగ్గుతుంది. రెండు మూడు గీతలు గీసి, పలక మూసి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టి వినండి, మళ్లీ తెరవండి. విసుగే, కానీ వేరే దారి లేదు. నాలుక విరిగితే అతికించే పని పెట్టుకోవద్దు, అదే స్వరం రీడ్ కొని మార్చండి.