చిన్న కారుతో ఆటోక్రాస్, 4వ పాఠం: తిప్పినా తిరగని కారు

ఆటోక్రాస్ అంటే ఖాళీ గ్రౌండ్‌లో కోన్లు (దారి చూపే గుర్తులు) పెట్టి, వాటి చుట్టూ తక్కువ టైంలో కారు తిప్పే పోటీ. ఈసారి హ్యాండ్ బ్రేకు మలుపు నేర్పుతానని పోయినసారి మాటిచ్చాను. అది వాయిదా. మూడో పాఠం చదివి గ్రౌండ్‌కి వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది రాసింది ఒకటే: "మీరు చెప్పినట్టే బ్రేకు గట్టిగా కొట్టాను, స్టీరింగ్ తిప్పాను, కారు మాత్రం తిరగకుండా నేరుగా పోయింది." పాత స్విఫ్ట్ ఉన్న ఒకాయన టైర్లు మార్చేయమంటారా అని అడిగారు. ఐ10 నడిపే ఒకమ్మాయి అప్పుడే అలైన్‌మెంట్ చేయించేసింది. ఇంకొకాయన ఏకంగా కొత్త సస్పెన్షన్ కోసం బేరమాడుతున్నారట. కాస్త ఆగండి. మీ కార్లకి ఏమీ కాలేదు. పర్సు లోపల పెట్టండి.

ముందు ఏబీఎస్ గొడవ తేల్చేద్దాం, అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు తిరగడం ఆగిపోకుండా చూసే ఏర్పాటు. గట్టిగా బ్రేకు కొడితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. ఏదో విరిగిపోతోందని కొందరు కాలు తీసేశారు. అది ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడు. కాలు తీస్తే ఏమవుతుంది? తగ్గాల్సిన వేగం తగ్గకుండానే మలుపులోకి వెళ్తారు, మీ కష్టాల్లో సగం అక్కడే మొదలవుతాయి. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కొన్న కింది వేరియంట్ అయితే మీ కారుకి లేకపోవచ్చు. తాళం తిప్పగానే మీటర్లో ఏబీఎస్ దీపం వెలిగి ఆరిపోతే ఉన్నట్టు. లేనివాళ్లకి చక్రాలు లాక్ అయిపోతాయి. లాక్ అయిన చక్రాన్ని ఎటు తిప్పినా కారు పోయే దారినే పోతుంది, దొర్లే చక్రమే కారుని తిప్పగలదు. కాబట్టి కాలు కొంచెం సడలించి, చక్రాన్ని దొర్లనిచ్చి, మళ్లీ నొక్కండి. ఒక్క మాట: వదులు మట్టి, కంకర మీద ఏబీఎస్ ఉన్న కారు ఆగడానికి ఎక్కువ దూరమే పడుతుంది. అలాంటి గ్రౌండ్‌లో బ్రేకు ముందుగానే మొదలెట్టాలి.

సీటు దూరం, చేతుల స్థానం, రెండో గేరు సంగతి మళ్లీ చెప్పను. ఆటోక్రాస్‌లో రెండో గేరే మీ ఇల్లు.

ఇప్పుడు అసలు విషయం. టైరుకి ఉన్న పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకి ఖర్చు పెట్టింది పోగా మిగిలినదే మలుపుకి. మన చిన్న హ్యాచ్‌బ్యాక్‌లన్నీ దాదాపుగా ఫ్రంట్ వీల్ డ్రైవ్. తిప్పేదీ ముందు చక్రాలే, లాగేదీ అవే, బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ అవే. వెనక చక్రాలు డిక్కీని మోసుకుంటూ వెనకాలే వస్తాయి, అంతే. ముందు టైర్ల మీద ఇంత పని పెట్టి, మలుపు మధ్యలో ఇంకా బ్రేకు నొక్కుతూ, ఇంకా తిప్పుతూ ఉంటే అవి చేతులెత్తేస్తాయి. దీన్నే అండర్‌స్టీర్ అంటారు.

లెక్క చూడండి. మట్టి గ్రౌండ్‌లో ఒక కోన్ చుట్టూ 12 మీటర్ల వ్యాసార్థంతో తిరగాలి. గట్టిపడిన మట్టి మీద మామూలు రోడ్డు టైరు ఇచ్చే పట్టు, సుమారుగా కారు బరువులో సగం అనుకుందాం. ఆ పట్టుతో ఆ మలుపు తిరగగలిగే వేగం గంటకు 27, 28 కిలోమీటర్లు. మీరు 32తో వచ్చారు. నాలుగే కదా అనిపిస్తుంది. కానీ 32 మీద ఆ టైర్లు తిరగగలిగే వ్యాసార్థం 16 మీటర్లు. అంటే కారు అనుకున్న దారికి నాలుగు మీటర్లు బయటకి పోతుంది, స్విఫ్ట్ పొడవు కంటే ఎక్కువ. మలుపుకి కావలసిన పట్టు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది మరి. ఎండిన తారు మీద పట్టు కారు బరువులో 0.8 వంతు దాకా ఉంటుంది కాబట్టి అదే 12 మీటర్ల మలుపుని 35తో తిరగొచ్చు. తారు మీద అలవాటైన వేగంతో మట్టి మీదకి వెళ్లినవాళ్లందరూ ఎక్కడ పోయారో ఇప్పుడు అర్థమైందా? ఈ లెక్కలో స్టీరింగ్ ఎంత తిప్పారన్నది ఎక్కడా లేదు. వేగం ఉంది, పట్టు ఉంది. అంతే.

ఇక నాకు ఒళ్లు మండే తప్పు దగ్గరకి వద్దాం. కారు నేరుగా పోతోందని తెలియగానే అందరూ చేసే పని, స్టీరింగ్ ఇంకా తిప్పడం. తిరగట్లేదు కాబట్టి ఇంకా తిప్పుదాం! మనసుకి అది సహజంగానే తోస్తుంది. టైరుకి మాత్రం అది చావుదెబ్బ.

టైరు తిరగడం ఎలా జరుగుతుందంటే, చక్రం చూస్తున్న దిక్కుకీ అది నిజంగా పోతున్న దిక్కుకీ మధ్య చిన్న కోణం ఏర్పడుతుంది. నేలకి ఆనుకున్న రబ్బరు ఆ కోణం మేరకు మెలితిరిగి కారుని పక్కకి తోస్తుంది. కోణం పెరిగేకొద్దీ తోపు పెరుగుతుంది, ఒక హద్దు దాకా. తారు మీద కొన్ని డిగ్రీలకే ఆ హద్దు వచ్చేస్తుంది. దాటాక ఎంత తిప్పినా తోపు పెరగదు, తగ్గుతుంది. రబ్బరు నేలని పట్టుకోవడం మానేసి గీరుకుంటూ పోతుంది. మీరు ముప్పావు చుట్టు తిప్పిన చోట ఇంకో సగం చుట్టు తిప్పారనుకోండి, ఉన్న పట్టు కూడా పారేసుకున్నట్టే.

అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. గీరుకుంటూ పోతున్న టైర్ల వల్ల వేగం మెల్లగా తగ్గుతుంది. తగ్గి తగ్గి ఒక్కసారిగా పట్టు తిరిగొస్తుంది. అప్పుడు మీ చక్రాలు ఎటు చూస్తున్నాయి? పూర్తిగా లోపలికి. కారు ఒక్క కుదుపుతో లోపలికి దూకుతుంది. బయట కోన్ మీదకి పోతోందని భయపడిన కారు లోపలి కోన్‌ని గుద్దేస్తుంది. ఇంకా అన్యాయం ఏంటంటే, అదే క్షణంలో భయంతో ఎక్సలేటర్ పూర్తిగా వదిలేస్తే బరువంతా ముందుకి వచ్చి వెనక తేలికై గిర్రున తిరుగుతుంది. చూసేవాళ్లు "భలే తిప్పాడ్రా" అంటారు. లోపల కూర్చున్నవాడికి తెలుసు ఎవరు తిప్పారో. ఐ10 అమ్మాయి గారూ, మీ కారు "ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు" లోపలికి తిరిగిందని రాశారే, అది ఇదే. అలైన్‌మెంట్ చేసినవాడి తప్పేమీ లేదు.

తారు మీద దీన్ని ముందే పసిగట్టొచ్చు. టైరు సన్నగా కూస్తున్నంతసేపూ పట్టు ఉన్నట్టు. ఆ కూత బొంగురుపోయి బరబరమని గీరుతున్న చప్పుడుగా మారితే హద్దు దాటినట్టు. మట్టి మీద కూత ఉండదు, ముందు చక్రాల కింద నుంచి చిన్న రాళ్లు బాడీకి పటపటా తగులుతాయి. స్టీరింగ్ కూడా చేతుల్లో తేలికవుతుంది. అయితే ఇప్పటి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఈ కబురుని సరిగా చేరవేయదు, అందుకే చెవులు ముఖ్యం. పాటలు ఆపేయండి. పెద్ద చప్పుడు చేసే ఎగ్జాస్ట్ బిగించుకున్నవాళ్లకి ఈ పాఠం సగమే పనికొస్తుంది, వినపడదు కాబట్టి.

మరి ఏం చేయాలి? తిప్పినదాంట్లో కొంచెం వెనక్కి తీయండి. అవును, తిరగని కారులో స్టీరింగ్‌ని తిన్నగా చేసే వైపుకి, ఓ రెండు మూడు వేళ్ల మందం. దాంతో పాటు ఎక్సలేటర్ మీద కాలు మెల్లగా సడలించండి, పూర్తిగా ఎత్తకండి. బరువు కొంచెం ముందుకి వస్తుంది, ముందు టైర్లు నేలని మళ్లీ పట్టుకుంటాయి, ముక్కు లోపలికి వస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. స్టీరింగ్ వెనక్కి తీయమంటే మనసు ఒప్పుకోదని నాకు తెలుసు. ఒప్పించడానికే కింద అభ్యాసం పెట్టాను.

అసలు మంచి మందు వేరే ఉంది. మలుపులోకి వచ్చేముందే, తిన్నగా ఉన్న చోటే బ్రేకు పని చాలామటుకు ముగించేయండి. బ్రేకు వదిలే తీరు కూడా ముఖ్యం. స్టీరింగ్ ఎంత తిప్పుతుంటే కాలు అంత పైకి లేస్తూ రావాలి. టక్కున వదిలితే ముందు టైర్ల మీద ఉన్న బరువు వెనక్కి పారిపోతుంది, సరిగ్గా మీకు అది కావలసిన సమయంలో.

ఇన్ని తిప్పలెందుకు, వెనక చక్రాలతో నడిచే కారు కొనుక్కుంటే పోదా అని ఒకరు రాశారు. 1964 మాంటే కార్లో ర్యాలీ గెలిచింది మినీ కూపర్, నడిపింది ప్యాడీ హాప్‌కర్క్. ముందు చక్రాలతో నడిచే బుల్లి కారు అది. 1965లో, 1967లో కూడా మినీలే గెలిచాయి. 1966లో హెడ్‌లైట్ల నిబంధన పేరు చెప్పి అనర్హత వేశారు, లేకపోతే అదీ వాళ్లదే. మినీ నడిపిన ఫిన్లాండ్ డ్రైవర్లు ఎడమకాలితో బ్రేకు తాకుతూ, కుడికాలితో ఎక్సలేటర్ వదలకుండా ముక్కుని లోపలికి తెచ్చేవారు. మీరు మాత్రం ఇప్పుడే ఎడమకాలు పెట్టకండి. క్లచ్ తొక్కడానికి అలవాటుపడిన కాలు బ్రేకుని కూడా నేలకంటా తొక్కేస్తుంది.

టైరు గాలి గురించి పోయినసారి ఒక్క వాక్యంలో చెప్పడం చాలలేదని అర్థమైంది. బంకులో "30 కొట్టు" అనడం కాదు. టైరు చల్లగా ఉన్నప్పుడు, మీ సొంత గేజీతో చూసుకోవాలి. పది డిగ్రీల వేడి పెరిగితే గాలి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత, బంకులో చెప్పే ఆ 30 ఇదే) పెరుగుతుంది. పొద్దున్నే 28 డిగ్రీలప్పుడు 30 పెట్టిన టైరు, ఎండా పరుగూ కలిసి 58 డిగ్రీలకి చేరితే 34 దాటుతుంది. మీలో ఒకరు ఆ వేడి టైరులోంచి గాలి తీసి 30కి దింపి, సాయంత్రం చల్లారాక 30 కంటే తగ్గిపోయి ఉండటం చూసి, పంక్చర్ అయిందనుకున్నారు.

నా పద్ధతి సుద్దముక్క. టైరు అంచు దగ్గర, పక్కగోడ మీద నుంచి నేలకి తగిలే భాగం దాకా అడ్డంగా ఒక గీత గీయండి. ముందు రెండు టైర్లకీ మూడు చోట్ల చొప్పున. ఒక రన్ చేసి వచ్చి వంగి చూడండి. సుద్ద పక్కగోడ మీద కూడా చెరిగిపోయి, ఆ చోట రబ్బరు గరుకుగా, ముద్దలుగా లేచి ఉంటే టైరు మలుపులో పక్కకి ఒరిగిపోతోంది, గాలి తక్కువైంది. రెండు పీఎస్‌ఐ పెంచండి. నేలకి తగలాల్సిన అంచు మీదే సుద్ద తెల్లగా మిగిలి ఉంటే గాలి ఎక్కువైంది. గీత సరిగ్గా టైరు భుజం దగ్గర, అంటే నేలకి తగిలే భాగం పక్కగోడగా మలిగే అంచు దగ్గర, తెగితే గాలి సరిపోయినట్టే, వదిలేయండి. పక్కగోడ మీద రాసి ఉన్న గరిష్ఠ అంకెని మాత్రం దాటొద్దు. మట్టి మీద పట్టు కోసమని గాలి బాగా తగ్గించేవాళ్లున్నారు. ట్యూబ్‌లెస్ టైరు మలుపులో రిమ్ము మీద నుంచి ఊడొస్తే ఆ పట్టుతో ఏం చేసుకుంటారు? ముక్కు అస్సలు తిరగని కారుకి నేను చేసే చిట్కా, వెనక టైర్లలో రెండు పీఎస్‌ఐ పెంచడం. వెనక పట్టు కాస్త సడలి కారు చురుగ్గా తిరుగుతుంది. ఇది గ్రౌండ్‌కే. వాన రోడ్డు మీద ఇదే చిట్కా మిమ్మల్ని డివైడర్ ఎక్కిస్తుంది.

పెద్ద అలాయ్ చక్రాల గురించి కూడా అడిగారు. నాకు పద్నాలుగు అంగుళాల స్టీలు రిమ్ములే ఇష్టం. వంగితే సుత్తితో సరిచేస్తారు, పగలవు. పదహారుకి వెళ్తే చాలావరకు బరువు పెరుగుతుంది, చిన్న ఇంజిన్ ఆ బరువుని ప్రతి మలుపు తర్వాతా మళ్లీ తిప్పాలి. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనండి.

కాగితాల సంగతి తప్పించుకోలేం. మామూలు కారు ఇన్సూరెన్స్ పాలసీ తీసి "వాడకం పరిమితులు" అన్న చోట చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అందులో మినహాయింపులే. పోటీలో సొట్ట పడితే ఖర్చు మీదే. ఇక ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) వెనక రోడ్ల మీద కోన్లు పెట్టేవాళ్లకి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద బహిరంగ రోడ్డు మీద రేసుకి మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పోటీకి వెళ్లేటప్పుడు దానికి ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటారు స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య) అనుమతి ఉందో లేదో, మీకు లైసెన్స్ కావాలో ఎంట్రీ నింపకముందే కనుక్కోండి.

ఇక అభ్యాసం. గోడలు, స్తంభాలు, గుంతలు లేని గ్రౌండ్, యజమాని అనుమతి, బయట నిలబడి చూసే మనిషి ఒకరు. మధ్యలో ఒక కోన్ పెట్టి 15 మీటర్ల తాడుతో చుట్టూ ముగ్గుపిండితో గీత వేయండి. స్టీరింగ్ పైభాగాన రంగు టేపు ముక్క అంటించండి, ఎంత తిప్పారో చూపు పక్కకి పోకుండానే తెలుస్తుంది. రెండో గేరులో గీత వెంట 20తో తిరగడం మొదలెట్టి, చుట్టుకి రెండేసి కిలోమీటర్లు పెంచండి. టేపు ఉన్న చోటే ఉండగా కారు గీత దాటి బయటకి జారడం మొదలయ్యే వేగాన్ని మీ మనిషి రాసుకోవాలి. అప్పుడు ఇంకా తిప్పొద్దు. టేపుని రెండు వేళ్ల మందం వెనక్కి తెచ్చి, ఎక్సలేటర్ సడలించి, కారు తనంతట తాను గీత మీదకి వచ్చేదాకా ఆగండి. కుడివైపు ఇరవై సార్లు, ఎడమవైపు ఇరవై సార్లు. తర్వాత గీతలో పావు భాగం నీళ్లతో తడిపి మళ్లీ అన్నీ మొదటి నుంచి. తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, టైరు బయటి అంచు అరుగుతుంది. ఐదారు చుట్లకోసారి ఆపి టైర్లనీ మిమ్మల్నీ చల్లారనివ్వండి. బయట నిలబడ్డ మనిషి చెప్పకముందే "ఇప్పుడు జారింది" అని మీరు చెవితో చెప్పగలిగితే ఈ పాఠం అయినట్టు.

ఇంటికి బయల్దేరేముందు వీల్ నట్లు బిగించి, ముందూ వెనకా గాలి డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ అంకెకి తెచ్చుకోండి. టైర్లు ఇంకా వేడిగా ఉంటాయి కాబట్టి ఆ అంకె కంటే నాలుగు ఎక్కువ ఉంచి, మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు సరిచేయండి.